మా ఇంట్లో అందరికంటే జాగ్రత్త ఎలుకకే

"ఎలుకల మందు ఉందాండీ?" అని అడిగితే మా వీధి చివర కిరాణా కొట్టాయన తల కూడా ఎత్తలేదు. "కేకా, ట్యూబా, పొడా?" అన్నాడు. అగ్గిపెట్టె అడిగితే చిన్నదా పెద్దదా అన్నట్టు. చంకలో పాప ఉంది. దాని చెయ్యి అందేంత దగ్గరలో పల్లీ చిక్కీల సీసా. ఆయన వెనక అరలో పళ్ళపేస్టులు, వాటి పక్కనే ఎలుకల పేస్టు. "కేక్ ఇవ్వండి" అన్నాను. మూడింట్లో ఆ పేరే కాస్త మర్యాదగా అనిపించింది మరి.

తెలుగులో ఈ ఒక్క మాటతో ఎంత చిక్కుందో అప్పుడు తట్టలేదు. జ్వరమొస్తే వేసుకునేది మందు. మిరప చేనుకి కొట్టేది మందు. సాయంత్రమైతే కొందరు పుచ్చుకునేది మందు. ఎలుకకి పెట్టేదీ మందే. విషం అని ఎవరూ అనరు. "ఒక ప్యాకెట్ విషం ఇవ్వండి" అని నోరు తెరిచి అడగాల్సి వస్తే మనలో సగం మంది కొట్టు మెట్ల దగ్గరే ఆగిపోతాం. ఆ రోజుల్లో మా పాపకి మందంటే స్ట్రాబెర్రీ వాసనొచ్చే గులాబీ రంగు సిరప్. సీసా మూత చప్పుడు వింటే చాలు, పిచ్చుకపిల్లలా నోరు తెరిచేది.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. పాకే పిల్లలూ, కుక్కా పిల్లీ ఉన్న ఇంటి లోపలికి ఎలుకల మందు తేకూడదు. "జాగ్రత్తగా పెడతాంలెండి" అన్నా సరే తేకూడదు. నేను తెచ్చాను, జాగ్రత్తగానే పెట్టాను, కాబట్టే చెప్తున్నాను.

మేముండేది విజయవాడ సింగ్ నగర్. మా వైపు 2024 సెప్టెంబరు 1 అంటే ఇంకేమీ వివరించక్కర్లేదు. బుడమేరు పొంగి తెల్లారేసరికి కింద వాటా కిటికీల దాకా నీళ్ళొచ్చాయి. మేం పై వాటాలో అద్దెకుంటున్నాం కాబట్టి సామాను దక్కింది. పడవల మీద పాల ప్యాకెట్లు తెచ్చిన రోజులవి. ఆ ఏడు వినాయక చవితి 7న పడింది. మా అత్తయ్య ఆ నీళ్ళ మధ్యే పసుపు ముద్దతో వినాయకుణ్ణి చేసి దణ్ణం పెట్టింది. ఆయన వాహనం మాత్రం అప్పటికే మా అటక మీదికి చేరింది. నీళ్ళొస్తే మనుషులు మేడెక్కినట్టే ఎలుకలూ ఎక్కాయి. కలుగులు మునిగాయి, తూములు మునిగాయి, పొడిగా మిగిలింది మా వంటిల్లే. నీళ్ళు తీశాక కింద వాటా వాళ్ళు ఖాళీ చేసి పటమట వెళ్ళిపోయారు. ఎలుకలు వెళ్ళలేదు.

మొదట బియ్యం సంచి మూల కొరికాయి. తర్వాత వాషింగ్ మెషిన్ పైపు. ఒక రాత్రి పాప ఉయ్యాల కింద పరిచిన దుప్పటి మీద నాలుగు పెంటికలు కనిపించాయి. ఆ పొద్దున్నే వెళ్ళి కేక్ తెచ్చాను. నీలం రంగు చిన్న బిళ్ళలు. పాపకి అందకూడదని ఫ్రిజ్ వెనక రెండు, అటక మీద రెండు, గ్యాస్ బండ వెనక ఒకటి పెట్టాను. లెక్క కూడా రాసుకున్నాను, ఐదు అని.

మూడో రోజు హాల్లో మా లడ్డుగాడు ఏదో నాకుతూ కనిపించాడు. లడ్డు మా కుక్క, వీధిలో దొరికినవాడే, రెండేళ్ళవాడు. నోరు తెరిపిస్తే నాలుక మీద నీలం. కాళ్ళ మధ్య సగం బిళ్ళ. ఫ్రిజ్ వెనకవి రెండూ అలాగే ఉన్నాయి. వాడు తినేది అటక మీది బిళ్ళ. ఎలుక దాన్ని అక్కణ్ణుంచి లాక్కొచ్చి సోఫా కింద దాచుకుంది. ఎలుకలు తిండిని ఎప్పుడూ దొరికిన చోటే తినవు, చాలాసార్లు మూలకి మోసుకెళ్తాయి. ఈ సంగతి ఆ ప్యాకెట్ మీద ఎక్కడా లేదు. నేను మందు పెట్టిన చోటు వేరు, అది చివరికి చేరిన చోటు వేరు. ఆ సోఫా కిందే పాప బంతి దొర్లుతుంటే వెనకాలే పాక్కుంటూ వెళ్తుంది. లడ్డుగాడు అరగంట ఆలస్యంగా వచ్చి ఉంటే ఏమయ్యేదో మీకు చెప్పక్కర్లేదు.

పశువుల డాక్టరు గారు అడిగిన మొదటి మాట, "ప్యాకెట్ తెచ్చారా?" తేలేదు. మా ఆయన బండేసుకుని మళ్ళీ ఇంటికి. రెండో మాట, "ఉప్పు నీళ్ళు పట్టలేదు కదా?" లేదు. "బతికించారు, చాలామంది అదే పని చేసి ఇంకో జబ్బు తగిలించి తెస్తారు" అన్నారాయన. తిని గంట లోపే కాబట్టి ఇంజెక్షన్ ఇచ్చి కక్కించారు. కక్కిన దాంట్లో నీలం ముక్కలు. తర్వాత నాలుగు వారాలు రోజూ విటమిన్ కె1, ఆపేశాక రెండో రోజు రక్తం గడ్డకట్టే పరీక్ష. వాడు బతికాడు. ఇప్పుడు నా కాళ్ళ దగ్గరే పడుకుని గురక పెడుతున్నాడు.

ఆ నాలుగు వారాల్లో నేను ఎలుకల గురించి చదివినంత డిగ్రీలో కూడా చదవలేదు. చదివిన కొద్దీ ఒక సంగతి నన్ను వదల్లేదు. ఎలుక వాంతి చేసుకోలేదు. దాని శరీరం అలా కట్టి ఉంది. ఒకసారి మింగితే మింగినట్టే. అందుకే కొత్త తిండి కనిపిస్తే ఇంత రవ్వ కొరికి ఆగుతుంది, ఒంట్లో తేడా చేస్తే మళ్ళీ ముట్టదు. కొత్త వస్తువు పెడితే రోజుల తరబడి దాని పక్కనుంచి చుట్టూ తిరిగి పోతుంది గానీ దగ్గరికి రాదు. కుక్క సంగతి మీకు తెలిసిందే, ముందు మింగుతుంది, ఆలోచన తర్వాత. ఏడాది లోపు పిల్లలు ప్రపంచాన్ని చూసేదే నోటితో. ఇప్పుడు లెక్క వేయండి. ఇంట్లో ఉన్న ప్రాణులన్నింటిలో తిండి దగ్గర అత్యంత జాగ్రత్తగా ఉండేది ఎలుక. బొత్తిగా జాగ్రత్త లేనివాళ్ళు పాప, లడ్డుగాడు. మనం రుచిగా, తియ్యగా, రంగుగా ఒక విషాన్ని నేల మీద పెట్టి, జాగ్రత్తపరురాలే తినాలనీ, అజాగ్రత్తపరులు తినకూడదనీ కోరుకుంటున్నాం!

కేకులో ఉండే బ్రోమాడియోలోన్ లాంటి మందులు పుట్టిందే ఎలుక జాగ్రత్తని దాటడానికి. కాలేయంలో విటమిన్ కె పని చెయ్యనివ్వవు, రక్తం గడ్డకట్టే గుణం పోతుంది, లోపల నెత్తురు కారి చస్తుంది. కానీ వెంటనే కాదు, మూణ్ణాలుగు రోజులు పోయాక. అప్పటికి ఏది తింటే ఇలా అయిందో ఎలుకకి అంతు పట్టదు, దాన్ని చూసి మిగతావీ మానుకోవు. తెలివైన ఏర్పాటే. కాకపోతే ఆ ఆలస్యం కుక్కకీ వర్తిస్తుంది. తిన్నవాడు రెండు మూడు రోజులు గెంతుతూనే ఉంటాడు, మనమూ "ఏం కాలేదులే" అనుకుంటాం, ఆ తర్వాత చిగుళ్ళు పాలిపోయి కూలబడతాడు. ఎలుకని ఏమార్చడానికి కనిపెట్టిన గడువు ఇంటివాళ్ళనీ ఏమారుస్తుంది.

మందు మాట ఎత్తాను కాబట్టి ఇదీ చెప్పాలి. మా మామయ్యగారికి గుండె వాల్వు మార్చాక రక్తం పలచబడడానికి రోజూ వేసుకునే వార్ఫరిన్ మాత్ర ఈ కేకుకి పెద్దన్న లాంటిది. అమెరికాలో బూజు పట్టిన తీపి గడ్డి తిని పశువులు నెత్తురు కారి చస్తుంటే, ఎందుకని వెతికిన పరిశోధనలోంచి వచ్చింది. 1948లో ఎలుకల కోసమే అమ్మకానికి పెట్టారు. మనుషులకి వాడడం ఆ తర్వాత, 1954లో. మామయ్యగారికి ఈ కథ చెప్తే మాత్ర చేతిలో పట్టుకుని కాసేపు చూసి, "అయితే నన్నూ ఎలుకల్లో కలిపేశారన్నమాట" అని వేసుకున్నారు. అయితే ఆయన మాత్రకీ ఈ బిళ్ళకీ తేడా ఉంది. కొత్త తరం ఎలుకల మందులు వారాల తరబడి కాలేయంలో కూర్చుంటాయి. మందు తిని తూలుతున్న ఎలుకని పట్టిన పిల్లికి, గుడ్లగూబకి కూడా అది ఎక్కుతుంది. ఊళ్ళో ఉచితంగా ఎలుకలు పట్టేవాళ్ళకే మనం మందు పెడుతున్నామన్నమాట.

అయినా ఆ మూడింట్లో కేకే నయం, దానికి కనీసం విరుగుడుంది. ట్యూబులో వచ్చే పేస్టు పసుపు భాస్వరం. టమాటా ముక్కకో, బజ్జీకో, బ్రెడ్డుకో పూసి పెడతారు. పూసిన టమాటాని ఒక్కసారి పసివాడి కళ్ళతో చూడండి. దీనికి విరుగుడు లేదు. తిన్న రోజు వాంతులవుతాయి, తర్వాత ఒకటి రెండు రోజులు తగ్గినట్టే ఉంటుంది, ఇంటికి తీసుకెళ్ళిపోతారు, ఆ తర్వాత కాలేయం దెబ్బతిని కామెర్లతో తిరిగొస్తారు. తమిళనాడు ప్రభుత్వం దీన్ని శాశ్వతంగా నిషేధించింది. మన కొట్లో అది పళ్ళపేస్టు పక్కనుంది. నల్లటి పొడి జింక్ ఫాస్ఫైడ్. కడుపులో ఆమ్లం తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది. అందుకే అది తిన్న కుక్కకి పాలూ అన్నమూ పెట్టకూడదు. తిండి పడితే ఆమ్లం ఊరుతుంది, వాయువు ఇంకా ఎక్కువవుతుంది. "పాలు పట్టించండి, విషం విరిగిపోతుంది" అని ఎదురింటి పిన్నిగారు మాకూ చెప్పారు. ప్రేమతోనే చెప్పారు. పేస్టు తిన్నా అంతే, పాలల్లో, నూనెలో ఉండే కొవ్వు భాస్వరాన్ని ఒంటికి ఇంకా తొందరగా పట్టిస్తుంది.

వీటన్నింటినీ మించింది గోడౌన్లలో ధాన్యానికి పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళ. గాలిలో తేమ తగిలితే చాలు, దాన్నుంచీ అదే వాయువు వస్తుంది. చట్టప్రకారం అది ఇళ్ళల్లో వాడేది కాదు, మామూలు మనుషులకి అమ్మకూడదు కూడా. 2024 నవంబరులో, మా వరద తడి ఇంకా ఆరకముందే, చెన్నై పక్కన కుండ్రత్తూరులో ఒక ఇంట్లో పెస్ట్ కంట్రోల్ వాళ్ళు ఎలుకల కోసం మందు పెట్టి వెళ్ళారు. ఆ రాత్రి తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు ఏసీ వేసుకుని తలుపులు మూసి పడుకున్నారు. పిల్లలిద్దరూ చనిపోయారు. చిన్నవాడికి ఏడాది. అక్కడ ఎవరూ ఏమీ తినలేదు, గాలి పీల్చారంతే. ఆ వార్త చదివిన రాత్రి నేను అన్ని కిటికీలూ తీసి పెట్టి కూర్చున్నాను, మా ఇంట్లో అప్పటికి ఒక్క బిళ్ళ కూడా లేకపోయినా.

సరే, అయితే ఎలుకలతో కాపురం చెయ్యమంటావా అంటారు. అనను. ఎలుకని చూసి "పోనీలే పాపం" అనేవాళ్ళతో కూడా నాకు తగాదానే. 2015 ఆగస్టులో గుంటూరు పెద్దాసుపత్రిలో ఎలుకలు కరిచిన పది రోజుల పసికందు చనిపోయింది. ఈ జిల్లాల్లో పురిటికి వెళ్ళే ఏ తల్లీ దాన్ని మర్చిపోదు. నేను పురిటికి వెళ్ళినప్పుడు మా అమ్మ రాత్రంతా మంచం పక్కన టార్చ్ లైటుతో కూర్చుంది. కాట్లే కాదు, వరదల తర్వాత వచ్చే లెప్టోస్పైరోసిస్ ఎలుక మూత్రం కలిసిన నీళ్ళలో గాయం కాలు పెడితే పట్టుకుంటుంది, కుక్కలకీ వస్తుంది. లడ్డుగాడికి ఏటా వేయించే టీకాలో దాని భాగం కూడా ఉంటుందని నాకు ఈ గొడవలోనే తెలిసింది. స్క్రబ్ టైఫస్ జ్వరం తెచ్చే చిగ్గర్ అనే సన్న పురుగులు బతికేది కూడా ఎక్కువగా ఎలుకల మీదే. కాబట్టి ఎలుక పోవాల్సిందే. ఎలా పంపాలన్నదే పేచీ. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

నన్ను దారిలో పెట్టింది ఒక మేస్త్రీ. వరద తర్వాత ఓనర్ గారు కింద వాటా గోడలకి మరమ్మతు చేయిస్తుంటే, పైకి పిలిచి "ఎలుకలు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడండి బాబాయ్" అన్నాను. ఆయన నన్నే ఎగాదిగా చూసి, "ముగ్గుపిండి ఉందా అమ్మా?" అన్నాడు. రాత్రి అందరూ పడుకునే ముందు వంటింట్లో గోడ వారగా పల్చగా పిండి చల్లమన్నాడు. పొద్దున లేచి చూస్తే నేల మీద ఒక పటం గీసి ఉంది. బుల్లి బుల్లి వేళ్ళ గుర్తులు, మధ్యలో తోక ఈడ్చిన సన్నని గీత. అవి గది మధ్యకి రాలేదు, గోడని ఒరుసుకునే వెళ్ళాయి. ఎలుక ఎక్కువగా ఒక పక్క గోడ తగులుతుంటేనే నడుస్తుంది. గీత సింకు కిందనుంచి బయలుదేరి, గ్యాస్ బండ చుట్టూ తిరిగి, హాల్లోకి మలుపు తీసుకుని, తిన్నగా లడ్డుగాడి గిన్నె దగ్గరికి చేరింది. గిన్నె చుట్టూ తిరునాళ్ళలో జనం నడిచినట్టు తొక్కిసలాట.

నాకు సిగ్గేసింది. రాత్రి వాడు మిగిల్చిన అన్నం, మాంసం రసం కలిపినది, పొద్దున్న వాడే తింటాడులే అని రోజూ అక్కడే వదిలేసేదాన్ని. అంటే నేను ఒక చేత్తో రోజూ రాత్రి ఎలుకలకి భోజనం వడ్డిస్తూ, ఇంకో చేత్తో విషం పెట్టాను. నిండుగా అన్నం దొరికే ఇంట్లో అవి నా నీలం బిళ్ళని మోసుకెళ్ళి దాచుకున్నాయంటే వింతేముంది. ఆ గిన్నె, పాప ఎత్తు కుర్చీ కింద రాలిన మరమరాలు, బియ్యం సంచి. మా ఇంటి ఎలుకల మొత్తం సంసారం ఈ మూడింటి మీదే నడుస్తోంది. ఆ రాత్రినుంచి ఎనిమిదింటికి గిన్నె కడిగి బోర్లించడం మొదలుపెట్టాను. బియ్యం పాత స్టీల్ డ్రమ్ములోకి ఎక్కింది. ప్లాస్టిక్ డబ్బా పనికిరాదు, ఎలుక పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరకకపోతే దానికి గడవదు.

మేస్త్రీ బాబాయ్ తర్వాతి పని పెన్సిల్ తీసుకుని ఇల్లంతా తిరగడం. పెన్సిల్ దూరే సందు ఉంటే చిట్టెలుక దూరుతుంది, బొటనవేలు దూరితే ఎలుకే దూరుతుంది. మా రెండు గదుల ఇంట్లో అలాంటివి పదకొండు దొరికాయి. సింకు పైపు గోడలోకి వెళ్ళే చోట పైపుకీ గోడకీ మధ్య గుప్పెడంత ఖాళీ. ఏసీ పైపు కన్నం. ఎప్పుడో తీసేసిన కేబుల్ వైరు కన్నం. బాత్రూం తూము మీద జాలీ లేదు. పెరటి తలుపు కింద వెలుతురు కనిపించేంత సందు. ఏళ్ళ తరబడి వాటిని రోజూ చూస్తూనే ఉన్నాను, ఒక్కటీ కన్నంలా కనపడలేదు. ఆయన గిన్నెలు తోమే స్టీల్ పీచుని కన్నంలోకి స్క్రూడ్రైవర్‌తో కుక్కి, దాని మీద సిమెంటు పూశాడు. ఉత్త సిమెంటు అయితే ఆరకముందే తవ్వేస్తాయట, పీచు పళ్ళకి గుచ్చుకుంటుందట. పాత రోజుల్లో గాజు పెంకులు కలిపేవాళ్ళం, పిల్లలున్న ఇంట్లో ఎందుకని మానేశా అన్నాడు. తూముకి ఇనప జాలీ, తలుపు కింద అల్యూమినియం పట్టీ. అర బస్తా సిమెంటు, ఒకటిన్నర రోజు. ఖర్చంతా కలిపి రెండు వేల ఎనిమిది వందలు అయింది. కుక్క డాక్టరు ఖర్చు దీనికి మూడింతలు.

కన్నాలు మూశాక లోపల మిగిలినవాటికి బోన్లు. కన్నాలు మూయకుండా చంపుకుంటూ పోతే చివర ఉండదు. ఎలుకకి మూడు వారాల్లో కాన్పు, ఈతకి ఆరో ఏడో పిల్లలు. ఖాళీ అయిన చోటికి పక్కింటివి వస్తాయి. బోను కూడా తేగానే ఎక్కుపెట్టకూడదని నేను తప్పు చేసే నేర్చుకున్నాను. మొదటి వారం ఒక్కటీ పడలేదు. తర్వాత నాలుగు రాత్రులు తలుపు పడకుండా కట్టేసి, ఎర మాత్రం పెట్టి గోడ వారగా వదిలేశాను. ఎండు చేప ముక్కని దారంతో బిగించి కట్టాలి, లేకపోతే లాఘవంగా లాక్కుపోతుంది. మా అత్తయ్య ఇంట్లో ఎండు చేపేమిటని గొడవ పెడితే ఉల్లిపాయ బజ్జీకి మారాను. ఐదో రాత్రి ఎక్కుపెడితే తెల్లారేసరికి రెండు.

మొదటి రెండిటినీ మా ఆయన స్కూటర్ మీద తీసుకెళ్ళి ఏలూరు కాలువ గట్టున వదిలొచ్చాడు, ఏదో పుణ్యం చేసినవాడిలా. అక్కడా ఇళ్ళున్నాయి కదా అంటే మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే మన ఎలుకని ఇంకొకరి వంటింటికి పంపడాన్ని దయ అనలేం. ఆ తర్వాత ఒక్క దెబ్బతో పోయే స్ప్రింగు బోనుకి మారాం. కానీ అది పాప వేలికైనా, లడ్డుగాడి మూతికైనా అంతే దెబ్బ కొడుతుంది. అందుకని పాత చెక్క పెట్టెకి కింద గోడ వైపు ఎలుక పట్టేంత కన్నం కోసి, బోను లోపల పెట్టి, మూత స్క్రూలతో బిగించాం. మూడు వారాల్లో ఏడు పడ్డాయి. తర్వాత పెట్టె ఖాళీగానే ఉంది. పిండి పటం కూడా తెల్లగానే ఉంటోంది.

అత్తయ్యతో వాదన ఇంకా తేలలేదు. వినాయకుడి వాహనాన్ని చంపుతారా అంటుంది. విషం పెట్టినప్పుడు అనలేదేం అంటే, "అది అదే తిని చచ్చింది కదే, మనం కొట్టలేదు కదా" అంది. నాకైతే జవాబు దొరకలేదు. బహుశా మందు ఇంతగా అమ్ముడుపోవడానికి ఇదీ ఒక కారణమేమో, చావు మన కళ్ళెదుట జరగదు. మందు తిన్నది నీళ్ళ కోసం బయటికి పోయి చస్తుందన్న మాట కూడా అలాంటిదే. అది అబద్ధం. ఏ అటక మీదో, బీరువా వెనకో చచ్చి వారం రోజులు కంపు కొడుతుంది. కంటికి కనిపించేలా హింస చేసేది జిగురు అట్ట. దాని మీద ఎలుక గంటల తరబడి అరుస్తూ చర్మం ఊడేలా గింజుకుంటుంది, భయంతో మూత్రం పోస్తుంది, పాకే పాప అరచేయి దానికి అంటుకోడానికీ ఎంతో సేపు పట్టదు. జంతు సంక్షేమ బోర్డు కూడా వాటిని ఆపమని రాష్ట్రాలకి చెప్పింది. మా ఇంట్లో అది వద్దని అత్తయ్యా నేనూ ఒక్క మాట మీదున్నాం.

మిగతా చిట్కాల గురించి త్వరగా. కలరా ఉండలు వెయ్యమంటారు. అవి నాఫ్తలీన్, పిప్పరమెంటు బిళ్ళల్లా తెల్లగా గుండ్రంగా ఉంటాయి, జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువున్న పిల్లల్లో ఎర్ర రక్తకణాలు పగిలేలా చేస్తాయి. ఎలుకలు మాత్రం పక్కకి నెట్టేసి పోతాయి. ప్లగ్గులో పెట్టే చప్పుడు యంత్రం కొన్నాళ్ళు భయపెడుతుంది, తర్వాత దానికీ అలవాటు పడతాయి. గుంటూరు కారం చల్లమని మా పెద్దమ్మ గుంటూరునుంచే ఫోన్ చేసి చెప్పింది. చల్లాను. మేమూ కుక్కా రెండు రోజులు తుమ్మాం. పిల్లిని తెచ్చుకోమంటారు, పెంచుకోవాలనిపిస్తే పెంచుకోండి, పెద్ద పందికొక్కు మీదికి వెళ్ళే పిల్లి మాత్రం అరుదు. ఇంకోటి, గోడ వెంట కీచు కీచుమంటూ కంపు కొడుతూ పోయేది చుంచు. అది ఎలుక జాతే కాదు, దాని తిండి బొద్దింకలు, పురుగులు. నేను మొదట్లో దాన్నీ శత్రువుల్లో కలిపేశాను.

నన్ను ఇరుకున పెట్టే ప్రశ్న ఒకటే, డబ్బుది. అద్దె ఇంట్లో కన్నాలు మూయించడం ఎవరి పని? ఓనర్ గారు మొదట "కేక్ పెట్టుకోండమ్మా, అందరూ అదే పెట్టుకుంటారు" అన్నారు. కేక్ ఖర్చు అద్దెకున్నవాళ్ళది, సిమెంటు ఖర్చు ఓనర్‌ది, అందుకే కేక్ గెలుస్తుంది. పదకొండు కన్నాల ఫోటోలూ, కొరికిన కరెంటు వైరు ఫోటో పంపాక సగం ఖర్చు అద్దెలో తగ్గించుకోమన్నారు. రోజు కూలీ మీద బతికే ఇంట్లో ఆ మిగతా సగం కూడా బరువే, అది నేను కాదనను. కానీ స్టీల్ పీచు పది రూపాయల సరుకు, రాత్రి గిన్నె బోర్లించడానికి అదీ అక్కర్లేదు. పొలాల్లో రైతు మందు పెట్టడం మీద నాకు వాదన లేదు, వరి వెన్ను కొరికేస్తుంటే చూస్తూ కూర్చోలేడు. అపార్ట్‌మెంట్ సెల్లార్లో, తాళం ఉన్న పెట్టెల్లో, తెలిసినవాళ్ళు కేక్ పెట్టి లెక్క చూసుకుంటూ ఉంటే అది కూడా ఒప్పుకుంటాను. గుమ్మం దాటి లోపలికి మాత్రం వద్దు.

ఇప్పటికే ఎవరింట్లోనైనా పిల్లలు నోట్లో పెట్టుకుంటే, బాగానే ఉన్నారని ఆగకండి. వేలు పెట్టి కక్కించొద్దు, ఏమీ తాగించొద్దు. నోట్లో మిగిలింది తుడిచి తీసేసి, ప్యాకెట్‌తో సహా ఆసుపత్రికి. 108 వస్తుంది. దారిలో ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రానికి ఫోన్ చెయ్యొచ్చు, 1800 116 117, ఎప్పుడైనా ఎత్తుతారు. ఇక పెంటికలు కనిపిస్తే చీపురు పట్టుకోకండి, దుమ్ము లేచి ముక్కులోకి పోతుంది. బ్లీచింగ్ కలిపిన నీళ్ళు చల్లి ఐదు నిమిషాలు ఆగి, చేతికి తొడుగుతో కాగితంతో ఎత్తెయ్యాలి. పాపని అటువైపు రానివ్వకుండా ఆ ఐదు నిమిషాలు ఎవరో ఒకరు ఎత్తుకోవాలి, మా ఇంట్లో అది మామయ్యగారి డ్యూటీ.

పోయిన నెల కింద వాటాలోకి కొత్తవాళ్ళు దిగారు. ఎనిమిది నెలల బాబు. సామాను సర్దుకుంటూనే ఆ అమ్మాయి పైకొచ్చి, "అక్కా, మీకు ఎలుకలు లేవంట కదా, ఏ మందు పెట్టారు?" అని అడిగింది. ముగ్గుపిండి డబ్బా, పెన్సిలు తీసుకుని నేనూ కిందికి దిగాను. వాళ్ళ వంటింట్లో మొదటి అరగంటలోనే ఆరు కన్నాలు దొరికాయి. మేస్త్రీ బాబాయ్ ఆదివారం వస్తానన్నాడు. ఓనర్ గారికి ఫోటోలు ఆ అమ్మాయే పంపింది.